తూకం చూసి కొనండి: మన ఇళ్ళకు సరిపడే టీ ట్రేలు, కప్పులు

మొన్న మాఘమాసంలో సత్తువాచారిలో మా బంధువుల ఇంట పెళ్ళిచూపులు జరిగాయి. గుడియాత్తం నుంచి మగపెళ్ళివారు ఏడుగురు వచ్చారు. అమ్మాయి తల్లి ముందురోజే కొత్త ట్రే కొనుక్కొచ్చి పెట్టుకుంది. అద్దంలా మెరుస్తోంది, అంచున పూల నగిషీ, రెండు వైపులా బంగారు రంగు పిడులు. అమ్మాయి వంటింటి గడప దాటి నాలుగడుగులు వేసిందో లేదో, ఎడమవైపు పిడి అతుకు దగ్గర ఊడిపోయింది. ఏడు కప్పుల టీ నేలపాలు. అమ్మాయి ముంజేయి కమిలింది. సంబంధం కుదిరింది లెండి. అబ్బాయి తల్లే అందరికంటే ముందు లేచి, పిల్ల చేతిని కుళాయి కింద పెట్టింది. (అదే సరైన పని. కాలినచోట ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళు పారాలి. పసుపూ టూత్‌పేస్టూ పూయకండి.)

కానీ అమ్మాయి తల్లి ముఖం మేము మరచిపోలేకపోయాం. "నాలుగు వందలు పోసి కొన్నాను కదా, ఇంకేం చూసి కొనాలి?" అని ఆమె అడిగితే మా దగ్గర జవాబు లేకపోయింది. ఆ జవాబు కోసమే తరవాత తీరిక చేసుకుని వేలూరు లాంగ్ బజారు, సత్తువాచారి, గుడియాత్తం అంగళ్ళు తిరిగాం. పాత్రలు అమ్మేవాళ్ళనూ, అతుకులు వేసేవాళ్ళనూ అడిగాం. ఇంట్లో ఉన్న సామానంతా తూకానికి పెట్టాం. తక్కువ డబ్బుతో ఎక్కువ కాలం నిలిచే టీ సామాను ఎలా ఎంచుకోవాలో తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాం.

ముందుగా ఆ ఊడిన ట్రే సంగతి. దాన్ని ఇంటికి తెచ్చి తూస్తే 350 గ్రాములుంది. అంటే ఆమె కిలో లెక్కన పదకొండు వందలకు పైనే ఇచ్చినట్టు! అంగడిలో దాన్ని తూకానికి అమ్మలేదు, ఒక్కో వస్తువుకు ఇంత అని అమ్మారు. డబ్బంతా నగిషీకీ, పిడుల పూతకూ పోయింది. రేకుకు పోయింది తక్కువ.

ఎవర్‌సిల్వర్ అంటే అన్నీ ఒకటి కావు

ఆంధ్రలో స్టీలు సామాన్లు అంటారు, మనం ఇక్కడ తమిళుల్లాగే ఎవర్‌సిల్వర్ అంటాం. పేరు వింటే ఎప్పటికీ వెండిలా ఉంటుందనిపిస్తుంది. నిజానికి అంగట్లో దొరికేది కనీసం మూడు రకాలు. 304 అనే రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202 అనే రకంలో ఖరీదైన నికెల్ తగ్గించి, దాని బదులు మాంగనీసు పెంచుతారు. అందుకే అది చవక. 430 అనే మూడో రకంలో నికెల్ దాదాపు ఉండదు, క్రోమియం మాత్రం 16 నుంచి 18 శాతం దాకా ఉంటుంది.

"అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు" అని మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. అది సగమే నిజం. అయస్కాంతం 430కి గట్టిగా అంటుకుంటుంది. 304కీ అంటుకోదు, 202కీ అంటుకోదు. కాబట్టి అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్ళి 202ను 304 ధరకు కొనుక్కొచ్చే ప్రమాదం ఉంది. పైగా 304లో కూడా వంచిన అంచుల దగ్గర కొద్దిగా లాగినట్టు అనిపించవచ్చు, అంతమాత్రాన అది నాసిరకం కాదు.

ఈ తేడా మన ప్రాంతంలో ఎందుకు ముఖ్యమంటే, మన నీళ్ళు. పాలారులో నీళ్ళు పారే రోజులు తక్కువ, చాలా ఇళ్ళలో వాడకం బోరు నీళ్ళే. ఉప్పదనం ఉన్న నీళ్ళలోని క్లోరైడు స్టీలు మీద కంటికి కనబడని రక్షణ పొరను చుక్కలు చుక్కలుగా తినేస్తుంది. నికెల్, క్రోమియం తక్కువగా ఉన్న రకాల్లో ఆ చుక్కలు ముందుగా కనిపిస్తాయి. ట్రే అడుగున ఇటుక రంగు మచ్చలు, మడత అంచులో సన్నని తుప్పు గీత చూసే ఉంటారు. కావేరీ నీళ్ళు వచ్చే ఇంట్లో పదేళ్ళు నిలిచిన పళ్ళెం మన బోరు నీళ్ళకు మూడేళ్ళకే మచ్చలు తేలితే ఆశ్చర్యపోనక్కర్లేదు. అందువల్ల రోజూ తడిసే టంబ్లర్లు, గిన్నెలు 304లో కొనుక్కోవడం మేలు. ట్రే మీద నీళ్ళు ఎక్కువసేపు నిలవవు, కడిగిన వెంటనే తుడిచే అలవాటుంటే 202 ట్రే కూడా చాలాకాలం వస్తుంది. చేతిలో డబ్బు తక్కువైతే రాజీ పడాల్సింది ట్రే రకం దగ్గర. దాని మందం దగ్గర మాత్రం రాజీ వద్దు.

ఏ రకమో ఎలా తెలుస్తుంది? పాత్ర అడుగున ముద్ర చూడండి. స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం పాత్రలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ 2024 మార్చి 14న కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. స్టీలు పాత్రల ప్రమాణం సంఖ్య ఐఎస్ 14756. గుర్తు కింద ఉండే లైసెన్సు సంఖ్యను బీఐఎస్ కేర్ అనే ఫోన్ యాప్‌లో కొడితే తయారీదారు వివరాలు వస్తాయి. ముద్రే లేని సామానుకు "అంతా ఫస్ట్ క్వాలిటీ అమ్మా" అన్న మాట తప్ప ఇంకో ఆధారం ఉండదు. బిల్లు అడగండి, దాని మీద రకం సంఖ్య రాయమనండి. రాయడానికి వెనకాడే అంగడివాడు మీకు జవాబు చెప్పినట్టే. బిల్లంటే పన్ను పడుతుందని భయం కూడా ఇప్పుడు తగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి పాత్రల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది.

తూకం లెక్క

రేకు మందాన్ని వ్యాపారులు గేజిలో చెబుతారు. ఇక్కడే చాలామంది పొరపడతారు. గేజి సంఖ్య పెరిగేకొద్దీ రేకు పలచనవుతుంది. 22 గేజి అంటే దాదాపు 0.7 మిల్లీమీటర్లు, 24 అంటే 0.56, 26 అంటే 0.46. కంటితో చూసి ఈ తేడా చెప్పడం కష్టం, తూకం మాత్రం చెబుతుంది.

ఆరు టంబ్లర్లు డబరాలతో సహా పట్టాలంటే ట్రే అడుగు సుమారు 36 సెంటీమీటర్ల పొడవు, 26 వెడల్పు ఉండాలి. చుట్టూ రెండు సెంటీమీటర్ల అంచు లేచి ఉంటుంది. స్టీలు సాంద్రతతో లెక్కగడితే ఆ కొలతల ట్రే 26 గేజిలో సుమారు 425 గ్రాములు, 24లో 520, 22లో 660 తూగాలి. పిడులు దీనికి అదనం. మన పాత్రల అంగళ్ళలో తక్కెడ ఎలాగూ ఉంటుంది. ట్రే దాని మీద పెట్టమనండి, ఒక్క నిమిషం పని. ఈ కొలతల ట్రే నాలుగు వందల గ్రాములకు తక్కువ తూగితే ఎంత మెరిసినా వెనక్కి పెట్టేయండి.

డబ్బు సంగతి చూద్దాం. లెక్క కోసం కిలో 400 రూపాయలు అనుకుందాం. 26 గేజి ట్రే 170 రూపాయలవుతుంది, 22 గేజిది 264. తేడా వంద కూడా లేదు. నగిషీ, పూత, రంగు పెట్టె వదిలేసి తూకానికి అమ్మే సాదా ట్రే అడిగితే, ఆ పెళ్ళిచూపుల ట్రే ధరలోనే దాదాపు రెట్టింపు బరువున్నది వచ్చి ఉండేది. సాదా ట్రేలు సాధారణంగా అంగడి ముందుభాగంలో ఉండవు, వెనక అటక మీద ఉంటాయి. అడిగితే తీస్తారు, కాస్త విసుక్కుంటారేమో.

ట్రే ఎంత బరువు మోయాలో కూడా తెలిసి ఉండాలి. సాసరుతో కలిపి పింగాణి కప్పు ఒకటి సుమారు 300 గ్రాములు, అందులో టీ 150. ఆరు కప్పులకు 2 కిలోల 700 గ్రాములు, ట్రేతో కలిపితే మూడు కిలోలు దాటుతుంది. అంగడిలోనే తూకం రాళ్ళు మూడు కిలోలవి ట్రే మధ్యలో పెట్టించి, రెండు చేతులతో పిడులు పట్టుకుని లేపి చూడండి. అడుగు కిందికి కుంగిందా? పిడి దగ్గర కిర్రుమందా? కుంగితే కప్పులు మధ్యకు జారతాయి, టీ సాసర్లలోకి తొణుకుతుంది. మేమిలా పరీక్షిస్తుంటే ఒకచోట పక్కన నిలబడ్డ కొనుగోలుదార్లు నవ్వారు. తరవాత వాళ్ళూ రాళ్ళు అడిగారు.

పిడి విషయానికొస్తే, ట్రేని తిప్పి వెనక వైపు చూడాలి. మేకు తలల్లాంటి రివెట్లు రెండు వైపులా కనిపిస్తే మంచిది. రెండు చిన్న చుక్కల అతుకుతో నిలబెట్టిన పిడి చవక పని. పలచని రేకు మీద ఆ అతుకు ఎక్కువకాలం పట్టుకోదు, మా బంధువుల ఇంట జరిగింది అదే. పిడికీ ట్రేకీ మధ్య నాలుగు వేళ్ళూ దూరాలి. అసలు పిడి లేకుండా, అంచునే మడిచి వెడల్పుగా చేసిన ట్రేలున్నాయి, మన తాంబాళాల్లాగా. ఊడిపోవడానికి వాటికి ఏమీ ఉండదు గనుక మాకు అవే నచ్చాయి. అయితే మడత లోపలికి నీళ్ళు దూరి నిలిచే వీలుందేమో చూసుకోండి. మడత పూర్తిగా మూసుకుని ఉండాలి.

చెక్క ట్రేలు ఇప్పుడు ఫ్యాషన్. అసలైన చెక్క అయితే ఫరవాలేదు, బరువెక్కువ, అంతే. ఎండీఎఫ్ అట్ట మీద బొమ్మ కాగితం అంటించినవి రెండు వానాకాలాలు చూడవు. మెలమైన్ ట్రేలు తేలిక, చేతికి వేడి తగలదు, పీచుతో రుద్దకుండా మెత్తటి గుడ్డతో కడిగితే బాగా నిలుస్తాయి. కానీ మెలమైన్ కప్పుల్లో మరిగే టీ పోయకండి, మైక్రోవేవ్‌లో పెట్టకండి. అది ఫార్మాల్డిహైడ్ కలిసిన రెసిన్‌తో చేసేది, ఎక్కువ వేడి దానికి పడదు.

కప్పులు, గ్లాసులు

రోజువారీకి టంబ్లర్, డబరాను మించింది లేదని మా అభిప్రాయం. పడితే సొట్ట పోతుంది గానీ పగలదు. సొట్టపోయినా టీ రుచి మారదు. అంచు బయటికి మడిచి నున్నగా ఉన్న టంబ్లర్ పెదవికి కాలదు, మడవని కోసు అంచు కాలుతుంది, గీసుకుంటుంది కూడా. రెండు పొరల స్టీలు కప్పులు చేతికి సుఖమే, అయితే కొన్నాళ్ళకు పొరల మధ్యకు నీళ్ళు దూరి గలగలమంటాయి. కొనేటప్పుడే అడుగు అతుకు చూసుకోండి.

వచ్చినవాళ్ళకు స్టీలు గ్లాసులో టీ ఇవ్వడం మర్యాద కాదని ఈ మధ్య కొందరు అనుకుంటున్నారు. అదేమీ లేదంటాం మేము. అయినా పింగాణి కావాలనుకుంటే తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. బజారులో దొరికే చవక కప్పుల్లో చాలాభాగం ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా నుంచి వస్తాయి. కప్పును బోర్లించి, అడుగున మెరుగు లేని వలయం మీద ఒక నీటిచుక్క వేయండి. చుక్క ఇంకిపోతే అది బాగా కాలని మట్టి, త్వరగా పెచ్చులూడుతుంది. చుక్క నిలిస్తే గట్టిది. వేలితో మీటితే ఖంగుమనాలి, బొద్దుగా పలికితే లోపల పగులుంది. బొమ్మలు, బంగారు గీతలు కప్పు లోపలా, పెదవి తగిలే అంచు మీదా లేనివే తీసుకోండి. చవక రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది.

మన కాట్పాడి పక్కనే కరిగిరి మెరుగు మట్టిపాత్రలకు పేరున్న చోటు. చూడముచ్చటైన పనితనం. అలంకారానికి నిశ్చింతగా కొనండి. టీ తాగడానికైతే లోపలి మెరుగు తినే పదార్థాలకు పనికొచ్చేదేనా అని అడిగి మరీ కొనండి.

బోన్ చైనా గురించి ఒక మాట. పేరులో ఉన్న ఎముక నిజమైన ఎముకే. పశువుల ఎముకల బూడిద కలిపి చేస్తారు. 18వ శతాబ్దం చివర ఇంగ్లండులో స్థిరపడిన పద్ధతి ఇది. శాకాహార నియమం గట్టిగా పాటించే మన ఇళ్ళలో, పెళ్ళికి ఎవరో ఇచ్చిన సెట్టు వాడుతూ, సంగతి తెలిశాక అటకెక్కించినవాళ్ళు ఉన్నారు. అలాంటి తెల్లదనం, తేలికదనం కావాలంటే ఓపల్‌వేర్ ఉంది. అది పాలరంగు గట్టి గాజు, ఎముక ఉండదు. రాటుదేలినదే అయినా బండ మీద పడితే మాత్రం చిన్నచిన్న ముక్కలై గదంతా చెదురుతుంది. పసిపిల్లలున్న ఇంట్లో ఆలోచించుకోండి.

గాజు గ్లాసుల్లో టీకొట్టు గీతల గ్లాసే అన్నిటికన్నా చవక. మందం ఎక్కువైతే వేడి తట్టుకుంటుందనుకుంటాం, అది తప్పు. మందపాటి మామూలు గాజులో లోపలి పొర వేడెక్కి సాగుతుంటే బయటి పొర చల్లగా ఉండి సాగదు, అక్కడే టప్పుమంటుంది. ముందు గోరువెచ్చని నీళ్ళతో తొలిచి, ఆ తరవాత టీ పోయండి. బోరోసిలికేట్ గాజు వేడికి సాగేది మామూలు గాజులో మూడోవంతు మాత్రమే, అందుకే సలసల కాగేది పోసినా నిలుస్తుంది. ధర ఎక్కువ. ఇంటికి రెండు చాలు.

యాభై మంది వస్తే?

గుడియాత్తం గంగమ్మ శిరస్సు ఉత్సవానికి వైకాశి మొదటి రోజున ఊళ్ళో ఏ ఇల్లు చూసినా చుట్టాలే. ఒక్క రోజు కోసం యాభై కప్పులు కొని, మిగిలిన 364 రోజులు దుమ్ము దులుపుకోవడం దండగ. పెళ్ళి సామాన్లు అద్దెకిచ్చే అంగళ్ళలో టంబ్లర్లూ, పెద్ద ట్రేలూ రోజు లెక్కన దొరుకుతాయి. తెచ్చేటప్పుడూ ఇచ్చేటప్పుడూ లెక్కపెట్టుకోవడమే శ్రమ. వీధిలో నలుగురు కలిసి ఒక యాభై స్టీలు టంబ్లర్లు కొని, ఎవరింట పని పడితే వాళ్ళు వాడుకునే పద్ధతి కూడా ఉంది. గొడవలు రాకుండా ఒకరి దగ్గరే ఉంచితే బాగా నడుస్తుంది.

కాగితం కప్పుల జోలికి పోకండి. లోపల ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం కప్పులను తమిళనాడు ప్రభుత్వం 2019 జనవరి 1 నుంచే నిషేధించింది. నిషేధం మాట అటుంచినా, ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు అలాంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి నీళ్ళు పావుగంట ఉంచి చూస్తే సుమారు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు తేలాయి. ముసలివాళ్ళు టీని చల్లార్చుకుని మెల్లగా తాగుతారు కదా, పావుగంట ఇట్టే అవుతుంది.

పాతది పారేయకండి

డబ్బు ఆదా అయ్యే చోటు మరొకటి మన అటకే. మన ప్రాంతపు అంగళ్ళలో పాత ఎవర్‌సిల్వర్, ఇత్తడి, రాగి తూకానికి తీసుకుని కొత్త సామానులో తగ్గించే అలవాటు ఉంది. ఇత్తడి, రాగిని ఎవర్‌సిల్వర్‌తో కలిపి ఒకే ధర కట్టనివ్వకండి, వాటి విలువ చాలా ఎక్కువ. వెళ్ళేముందు ఇంట్లో విడివిడిగా తూచి కాగితం మీద రాసుకోండి.

అయితే అమ్మమ్మల కాలపు ఇత్తడి తాంబాళం ఉంటే అసలు మార్చకండి. చిత్తూరు, వేలూరు 1911 దాకా ఒకే ఉత్తరార్కాటు జిల్లా. కట్నకానుకలతో పాటు అటు నుంచి ఇటు వచ్చిన తాంబాళాలు, చెంబులు మన ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. ఇప్పుడు ఆ మందంలో కొత్తది కొనాలంటే చుక్కలు కనిపిస్తాయి. చింతపండు, ఉప్పుతో తోమి టీ ట్రేగా వాడుకోవచ్చు. మీద కప్పులే పెడతాం గనుక కళాయి లేకపోయినా ఫరవాలేదు. ఇత్తడి టంబ్లర్లో తాగాలంటే మాత్రం లోపల కళాయి ఉండి తీరాలి, నిమ్మకాయ టీ అయితే మరీను.

ఆ పాత తాంబాళాల అంచున పేర్లు చూశారా? చాలావాటి మీద తెలుగులో చెక్కించి ఉంటాయి, పేరు, ఇంటిపేరు, ఒక్కోసారి ఊరు. బడిలో తెలుగు చదవని మన పిల్లల్లో కొందరు మొదట గుర్తుపట్టిన తెలుగు అక్షరాలు ఇవే. కొత్త పాత్ర కొన్నప్పుడు అంగడిలోనే పేరు చెక్కిస్తారు, ఇప్పటికీ. చెక్కే అతనికి తెలుగు రాకపోవచ్చు, అయినా గీతను గీతలా చెక్కగలడు. కాగితం మీద పెద్ద అక్షరాలతో, ఒత్తులూ గుడులూ విడివిడిగా కనబడేలా రాసివ్వండి. అతను మొదలుపెట్టాక పక్కనే నిలబడండి.

మా బంధువులావిడ ఆ పిడి ఊడిన ట్రేని పాత సామాను కింద వేసి, పిడుల్లేని సాదా ట్రే కొనుక్కుంది. తక్కెడ మీద 670 గ్రాములు తూగింది. దాని మీద కూతురి పేరు శారద అని తెలుగులో చెక్కించింది. మేము పక్కన లేకపోవడం వల్ల దీర్ఘం తప్పిపోయి శరద అయింది. అదే ట్రేలో పోయిన వారం మాకు టీ ఇచ్చింది.